మన జట్టుకు ధర్మకర్త ఎవరు?

ఒకరు డబ్బు పెట్టి కొంటారు. ఇంకొకరు ఏళ్ళ తరబడి ప్రేమిస్తారు. కొన్నవారు దాన్ని తమకు తోచినట్టు మార్చేస్తుంటే ప్రేమించినవారికి నోరెత్తే అర్హత ఉందా? క్రికెట్ జట్టు గురించి ఈ మాట అడిగితే చాలామంది ‘ఆటే కదా’ అని లేచిపోతారు. నేను హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. కొన్నేళ్ళు ఊరి గుడి కమిటీలో లెక్కలు రాశాను. ఈ ప్రశ్న ఆటతో ఆగేది కాదని నా నమ్మకం. దేన్నయినా ‘ఇది నాది’ అనడానికి ఎవరికి, ఎంతవరకు అధికారం ఉందన్నది దీని అడుగున ఉన్న సంగతి. మన పెద్దలు ఉపనిషత్తుల కాలం నుంచీ దాన్ని తరచి చూస్తూనే ఉన్నారు.

మాది కణేకల్. అనంతపురం జిల్లాకు పడమటి అంచు. ఒకవైపు వేదవతి హగరి ఒడ్డున ఇసుక దిబ్బలు, ఇంకోవైపు తుంగభద్ర ఎగువ కాలువ కింద వరిమళ్ళు. పెళ్ళికి బట్టలు కొనాలన్నా, పెద్దాసుపత్రికి పోవాలన్నా మాకు బళ్ళారి దగ్గర. పని వెతుక్కుంటూ పోయే పిల్లలకు బెంగళూరు దగ్గర. హైదరాబాదు చాలా దూరం. అందుకే మా ఊళ్ళో ఐపీఎల్ వచ్చిందంటే ఇళ్ళు రెండుగా చీలిపోతాయి. అన్న బెంగళూరు జట్టు వైపు, తమ్ముడు హైదరాబాదు వైపు. నేను మొదటి నుంచీ హైదరాబాదు వైపే. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ చూసినవాణ్ణి కాను. ఆ జట్టులో మా జిల్లా కుర్రాడు ఆడుతున్నాడనీ కాదు. తెలుగువాళ్ళ పేరు మీద ఉన్న జట్టు గనక మనది అనుకున్నాను. అంతకుమించిన కారణం నాకు లేదు, అవసరమూ పడలేదు.

మా ఊరి చీలికకు చరిత్ర కూడా బాగా కలిసొచ్చింది. 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో జరిగిన ఫైనల్ మా రెండు వర్గాలకూ మధ్యే. అంతకుముందు ఏడాది పధ్నాలుగు మ్యాచుల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచిన హైదరాబాదు జట్టు డెక్కన్ చార్జర్స్, గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో ఫైనల్ దాకా వచ్చింది. ఆ గిల్‌క్రిస్ట్‌ను కుంబ్లే మొదటి ఓవర్లోనే సున్నాకు పంపించాడు. నాలుగు వికెట్లు తీసి, ఓడిన జట్టులో ఉండి కూడా మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. మనవాళ్ళు కొట్టింది 143. గెలిచింది ఆరు పరుగులతో. మళ్ళీ 2016 మే 29న బెంగళూరు గడ్డ మీదే వార్నర్ నాయకత్వంలో హైదరాబాదు సన్‌రైజర్స్ 208 కొట్టింది. గేల్, కోహ్లి విరుచుకుపడినా ఎనిమిది పరుగులతో కప్పు గెలిచింది. ఆ రెండు రాత్రులూ మా వీధిలో సగం ఇళ్ళల్లో పండగ, సగం ఇళ్ళల్లో ఎవరూ మాట్లాడుకోలేదు.

మా అభిమానుల కోపం ఎక్కడ మొదలైందంటే, ఆ 2016 జట్టును ఎలా విడదీశారో చూసినప్పుడు. ఆ ఏడాది 848 పరుగులు చేసి కప్పు తెచ్చిన వార్నర్‌ను 2021 సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తీసేశారు. తర్వాత జట్టులోంచే తప్పించారు. ఎందుకో తనకు సరిగా వివరించలేదని ఆయనే తర్వాత అన్నాడు. బుట్టబొమ్మ పాటకు ఇంటిల్లిపాదితో అడుగులేసి తెలుగువాళ్ళ ఇళ్ళల్లో మనిషైపోయిన ఆటగాడు దుబాయిలో ప్రేక్షకుల మధ్య కూర్చుని జెండా ఊపుతుంటే టీవీలో చూశాం. ఆ ఏడాది జట్టు అట్టడుగున నిలిచింది. మరుసటి వేలానికి ముందు రషీద్ ఖాన్‌ను వదులుకున్నారు. అతను గుజరాత్‌కు పోయాడు, గుజరాత్ మొదటి ఏడాదే కప్పు కొట్టింది. పదకొండు సీజన్లు మనకు బౌలింగ్ చేసిన భువనేశ్వర్ కుమార్ 2024 మే 2న రాజస్థాన్ మీద ఆఖరి బంతికి వికెట్ తీసి ఒక్క పరుగుతో గెలిపించాడు. అదే ఏడాది నవంబరు వేలంలో అతణ్ణి 10.75 కోట్లకు బెంగళూరు తీసుకుంది. 2025 జూన్ 3న బెంగళూరు కప్పు గెలిచినప్పుడు అతను వాళ్ళ చొక్కాలో ఉన్నాడు. నాకు ఎదురింట్లోనే ఉండే బెంగళూరు అభిమాని ఒకతను, నా పాత విద్యార్థే, వచ్చి నా చేతిలో మిఠాయి పెట్టి ‘మీ భువీ సార్’ అన్నాడు. అతను నన్ను వేధించడానికి అనలేదు. అందుకే మరీ బాధేసింది.

ఇందులో డబ్బు పిసినారితనం అన్న ఫిర్యాదు లేదు. ఐపీఎల్‌లో ఖర్చుకు గిరి గీసేది బోర్డు. 2025 సీజన్‌కు ప్రతి జట్టుకూ 120 కోట్లు. మన యాజమాన్యం క్లాసెన్‌కు 23 కోట్లు, కమిన్స్‌కు 18, అభిషేక్ శర్మకూ హెడ్‌కూ 14 చొప్పున, నితీశ్ కుమార్ రెడ్డికి 6 కోట్లు ఇచ్చి అయిదుగురిని అట్టిపెట్టుకుంది. అక్కడికే 75 కోట్లు. మిగిలిన 45 కోట్లతో జట్టంతా కట్టాలి. అలాంటప్పుడు ఎవరినో ఒకరిని వదులుకోక తప్పదు, ఆ లెక్క అభిమానికీ అర్థమవుతుంది. మాకు కొరుకుడు పడనిది ఒక్కటే. ఎవరిని ఎందుకు వదిలారో, ఎవరిని ఎందుకు తెచ్చారో, ఏ ఏటికి గెలిచే జట్టును కడుతున్నారో మాకు చెప్పేవారు లేరు. ‘కొత్త జట్టును కడుతున్నాం, ఓపిక పట్టండి’ అన్న మాట ఒక్కటే వినిపిస్తుంది. మా కాలువ కింద రైతు కూడా ఓపిక పట్టగలడు. ఈసారి రెండో పంటకు నీళ్ళు లేవని ముందే చెబితే శనగో జొన్నో వేసుకుంటాడు. నారు పోయించిన తర్వాత కాలువ కట్టేస్తేనే అతని కడుపు మండుతుంది. ఆ నీళ్ళు రైతు సొంతం కావు, డ్యామూ అతనిది కాదు. అయినా ఎప్పుడు వదులుతారని అడిగే అర్హత అతనికి లేదని ఏ ఇంజనీరూ అనడు.

సరే, ‘మన జట్టు’ అంటున్నామే, ఆ జట్టు అంటే ఏది? 2009లో కప్పు గెలిచిన డెక్కన్ చార్జర్స్‌ను 2012 సెప్టెంబరులో బోర్డు రద్దు చేసింది. అక్టోబరులో సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్లకు హైదరాబాదు ఫ్రాంచైజీని దక్కించుకుంది. పేరు మారింది, రంగు మారింది, యజమాని మారాడు. మూడు నాలుగేళ్ళకోసారి వచ్చే పెద్ద వేలంలో ఆటగాళ్ళూ మారిపోతారు. కోచ్‌లు మారతారు. బౌద్ధ భిక్షువు నాగసేనుడు మిళింద రాజును అడిగిన రథం ప్రశ్న ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. చక్రమా రథం? ఇరుసా? కాడా? ఏదీ కాదు, వాటికి వేరుగా ఇంకోటీ లేదు. జట్టునూ అలాగే విప్పుకుంటూ పోతే పేరు పోయినా, ఆటగాళ్ళు పోయినా, యజమాని పోయినా 2008 నుంచి ఇప్పటిదాకా తెగకుండా వస్తున్నది ఒక్కటే దొరుకుతుంది. జొహానెస్‌బర్గ్‌లో గెలిచింది మేమే, చిన్నస్వామిలో గెలిచింది మేమే, 2024 ఫైనల్లో చెన్నైలో 113కే కుప్పకూలిందీ మేమే అని గుర్తుపెట్టుకున్న మనుషులు. ఆ మనుషుల్ని తీసేస్తే మిగిలేది వేలంలో కొన్న పాతికమంది ఉద్యోగులు, ఒక ఒప్పంద పత్రం. సన్ టీవీ కట్టిన డబ్బుకు విలువ ఇచ్చిందీ ఆ జ్ఞాపకమే. ఎవరూ పట్టించుకోని జట్టుకు ఏడాదికి 85 కోట్లు ఎవరు కడతారు?

ఈ మాట నేను మా గీతా పారాయణం బృందంలో అన్నప్పుడు ఒక మిత్రుడు, రిటైరైన తెలుగు పండితుడు, గట్టిగా అడ్డు చెప్పాడు. ‘వాళ్ళ దుడ్లు, వాళ్ళ జట్టు. నీకేల సార్ ఈ తాపత్రయం? మమకారం వదులుకోమనే కదా మనం రోజూ చదివేది? ఫలితం మీద ఆశ లేనివాడికి వార్నర్ ఉంటే ఏమి, పోతే ఏమి?’ ఈ అభ్యంతరాన్ని నేను చిన్నదిగా చూడను. గీత చదివేవాడు జవాబు చెప్పాల్సిన ప్రశ్నే ఇది.

నాకు తోచిన జవాబు కంచర్ల గోపన్న దగ్గర దొరికింది. పాల్వంచ తహసీల్దారుగా ఉండి, సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి, తానీషా కాలంలో గోల్కొండ చెరసాలలో పడ్డ మనిషి. ఆ చీకట్లో ఆయన రాముణ్ణి పొగుడుతూ కూర్చోలేదు. చేయించిన నగలు ఒక్కొక్కటీ పేరుపేరునా ఎత్తి, నిలదీసి, తిట్టాడు. ఆ తిట్లను తెలుగువాళ్ళు భక్తిహీనత అనుకోలేదు. ఇవాళ్టికీ గుళ్ళో పాడుకుంటున్నారు. దేవుణ్ణి నిలదీయగలిగినవాడిని మన సంప్రదాయం గొప్ప భక్తుడిగా నిలబెట్టింది. అంటే మమకారాన్ని చంపుకోవడమే దారి అని మనవాళ్ళు అనుకోలేదన్నమాట. అయితే గోపన్న కథలో ఇంకో సంగతి కూడా ఉంది. ఆయన్ను చెరలో పెట్టింది లెక్క. ఆయన్ను నిలబెట్టింది ప్రేమ. భక్తి ఎంత గొప్పదైనా ఖజానాకు లెక్క చెప్పే పూచీ నుంచి ఆయన్ను తప్పించలేదు. ప్రేమకు ఒక ఖాతా, సొమ్ముకు ఇంకో ఖాతా. అభిమాని జట్టును తిట్టుకుంటాడు, అది ప్రేమ ఖాతా. యాజమాన్యాన్ని అడగాల్సింది లెక్క. రెంటినీ కలిపేస్తేనే చిక్కు.

లెక్క అడగడం ఎలా ఉంటుందో గుడి కమిటీలో ఉన్నప్పుడు నేను కళ్ళారా చూశాను. ఏడాదికోసారి ఉత్సవం అయ్యాక గుడి ముందు చాప పరిచి జమాఖర్చులు చదివేవాళ్ళం. హుండీలో పడినది, పూలకు ఇచ్చినది, మేళగాళ్ళకు ఇచ్చినది, రథానికి తాళ్ళు కొన్నది. ఒకసారి నేను చదివి పుస్తకం మూస్తుంటే వెనక కూర్చున్న ఒక ముసలావిడ లేచి నిలబడింది. ‘సారూ, దీపం నూనెకని నేనిచ్చిన దుడ్లు యాడ రాసినారో రోంత సదవండి’ అంది. ఇచ్చింది చాలా చిన్న మొత్తం. చిల్లర విరాళాలన్నీ కలిపి ఒకే పద్దు కింద వేశాం. మళ్ళీ పుస్తకం తెరిచి, రసీదుల కట్ట విప్పి, ఆమె రసీదు వెతికి పట్టుకుని చదివితే గానీ ఆమె కూర్చోలేదు. గుడి తనదని ఆమె అనలేదు. తన డబ్బు వెనక్కి అడగలేదు. పూజారిని మార్చమనలేదు. తను ఇచ్చినది దీపానికే పోయిందా అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని కమిటీ ఆ చాప మీద కూర్చోవడానికి తగదని నాకు ఆ రోజే తెలిసొచ్చింది.

గుడి విషయంలో మన చట్టం చాలా లోతుగా ఆలోచించింది. 1925లో ప్రీవీ కౌన్సిల్ ముందుకు కలకత్తా మల్లిక్ కుటుంబం కేసు వచ్చింది. ఇంటి దేవుడి విగ్రహాన్ని తమ వంతు వచ్చినప్పుడు ఒక చోటు నుంచి ఇంకో చోటుకు తీసుకుపోవచ్చా అన్నది తగాదా. విగ్రహం ఒక సామాను కాదని, దానికి చట్టం కళ్ళల్లో వ్యక్తిత్వం ఉందని, దాని ఇష్టాన్ని గౌరవించాలని న్యాయమూర్తులు చెప్పారు. ఆ ఇష్టాన్ని చెప్పడానికి, తగాదాలో స్వార్థం లేని ఒక హితుణ్ణి దేవుడి తరఫున నియమించమన్నారు. మన రాష్ట్రంలో 1987 దేవాదాయ చట్టం వంశపారంపర్య ధర్మకర్తల హక్కునే తీసేసింది. తాత కట్టించినంత మాత్రాన గుడి మనవడి సొత్తు కాదన్నది దాని సారం.

ఈ సంగతి చెబుతుంటే మా ఊళ్ళో బట్టలు కుట్టే సాయిబు మిత్రుడొకాయన అందుకున్నాడు. ‘మాదీ అంతే సార్. వక్ఫు భూమి అల్లాది. ముతవల్లి చూసుకునేవాడు. అమ్ముకోను ఆయనకు హక్కు లేదు, లెక్క చెప్పేది మాత్రం ఆయన మీదే ఉంటది’ అన్నాడు. ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రం చెప్పేదీ దీనికి దూరం కాదు. ఈ జగత్తంతా ఈశ్వరుడిదే గనక నాదన్న పట్టు వదిలి అనుభవించమని, పరుల సొమ్ముకు ఆశపడవద్దని దాని భావం. గాంధీజీ ధర్మకర్తృత్వ సిద్ధాంతం ఆ ఆలోచన మీదే నిలబడింది. సంపద చేతిలో ఉన్నవాడు దానికి ధర్మకర్త మాత్రమేనని ఆయన పట్టుబట్టి చెప్పాడు.

క్రికెట్ జట్టు దేవుడు కాదు. అది నాకు తెలుసు. కంపెనీ చట్టం ప్రకారం అది ఒక ఆస్తి. దాని లాభనష్టాలు వాటాదారులవి. కానీ కొన్ని ఆస్తుల విలువ కొన్నవాడు సృష్టించలేనిది, లక్షలమంది ఏళ్ళ తరబడి పోసినది. అలాంటిదాన్ని చేతిలో పట్టుకున్నవాడు చట్టం ముందు యజమాని అయినా ధర్మం ముందు ధర్మకర్తే. లోకంలో కొందరు దీన్ని చట్టంగానూ మార్చుకున్నారు. అమెరికాలో గ్రీన్ బే పాకర్స్ అనే ఫుట్‌బాల్ జట్టు 1923 నుంచి ఊరి జనం వాటాలతో నడుస్తోంది. ఆ వాటాకు డివిడెండు రాదు, మనది అన్న మాట తప్ప. జర్మనీలో పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బుల్లో సగానికి మించిన ఓట్లు సభ్యుల చేతిలోనే ఉండాలన్నది నియమం, కొద్ది మినహాయింపులతో.

అవి లేనిచోట ఏమవుతుందో కాలిఫోర్నియాలో ఉండే నా శిష్యుడొకడు చెప్పాడు. అక్కడ ఓక్లాండ్ అథ్లెటిక్స్ అనే బేస్‌బాల్ జట్టు 1968 నుంచి ఆ ఊళ్ళో ఉండేది. మంచి ఆటగాళ్ళు తయారవగానే ఇంకో జట్టుకు పంపేయడం, జీతాల ఖర్చు అడుగంటించడం, మళ్ళీ కొత్త జట్టును కడుతున్నామనడం. బేస్‌బాల్‌లో మన వేలం లాంటి గిరి లేదు, యజమాని ఖర్చు పెట్టాలనుకుంటే పెట్టవచ్చు. జనం రావడం తగ్గాక, జనం రావట్లేదు గనక ఊరు వదిలిపోతామన్నారు. 2023 జూన్ 13న అభిమానులు ఎదురు పద్ధతి పట్టారు. రావడం మానకుండా కట్టగట్టుకుని వచ్చారు. ఖాళీగా ఉండే స్టేడియానికి 27,759 మంది, ‘అమ్మెయ్’ అని ఇంగ్లీషులో రాసిన ఆకుపచ్చ చొక్కాలు వేసుకుని. ఆ రోజు జట్టు గెలిచింది కూడా. అయినా 2024 సీజన్ ముగిశాక జట్టు ఓక్లాండ్ వదిలి వెళ్ళిపోయింది. ఆ 27 వేల మందీ ఓడిపోయారని కొందరంటారు. నేను ఒప్పుకోను. ముసలావిడ చాప మీద లేచి నిలబడినట్టే వాళ్ళు నిలబడ్డారు. జవాబు చెప్పకుండా పుస్తకం మూసేసిన తప్పు అవతలివాళ్ళది.

ఇప్పుడు పండితుడి ప్రశ్నకు తిరిగి వస్తాను, ఎందుకంటే గీతను పక్కన పెట్టి ఈ మాట ముగించలేను. ఫలితం మన చేతిలో లేదన్నది నిజం. దానికి మన జట్టే రుజువు. 2023 డిసెంబరు వేలంలో కమిన్స్‌కు 20.5 కోట్లు పెడితే బూడిదలో పోసిన పన్నీరన్నవాళ్ళు ఎందరో. ఆ మరుసటి సీజన్లోనే జట్టు బెంగళూరు మీద 287 కొట్టింది, ఫైనల్ దాకా పోయింది. 2025 సీజన్‌కు షమీని 10 కోట్లకు తెస్తే అందరూ మెచ్చుకున్నారు, ఆ ఏడాది అతనికి దక్కింది ఆరు వికెట్లు. గెలుపును బట్టి నిర్ణయాన్ని తూచలేం. కాబట్టి యాజమాన్యాన్ని ‘ఎందుకు ఓడారు’ అని అడగడం అభిమానికి తగదు. ‘ఏం ఆలోచించి చేశారు’ అని అడగడం తగును. ఫలితం మీద అధికారం లేదన్న గీత, కర్మను శ్రద్ధగా చేయాలని కూడా చెప్పింది. ఆ శ్రద్ధ ఉందా లేదా అని చూడడం మమకారం కాదు, బాధ్యత.

ఆ బాధ్యత మన మీదా ఉంది. క్యాచ్ వదిలేసిన కుర్రాణ్ణీ, వాడి తల్లినీ ఫోన్లలో బూతులు తిట్టేవాడు లెక్క అడుగుతున్నట్టు కాదు. మన ప్రేమకు అదుపు లేకపోయినా, దాన్ని పిలిచినవాళ్ళకు జాగ్రత్త లేకపోయినా ఏమవుతుందో 2025 జూన్ 4న చూశాం. పద్దెనిమిదో సీజన్‌కు బెంగళూరుకు దక్కిన కప్పును చూద్దామని వచ్చిన జనంలో పదకొండుమంది చిన్నస్వామి స్టేడియం దగ్గర తొక్కిసలాటలో చనిపోయారు. ఆ సాయంత్రం బెంగళూరులో పిల్లలున్న మా ఊరి ఇళ్ళన్నిట్లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఏ జట్టు అన్న తేడా ఆ రాత్రి మా వీధిలో ఎవరికీ గుర్తు రాలేదు. జనం ప్రేమను పోగుచేసి దాని మీద బతికేవాళ్ళకు ఆ జనం ప్రాణాల పూచీ కూడా ఉంటుంది. ధర్మకర్త అంటే అది కూడా.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ప్రతి వేలం తర్వాత యాజమాన్యం తరఫున ఒక బాధ్యత గల మనిషి ఉప్పల్‌లో అభిమానుల ముందు కూర్చోవాలి. ఎవరిని వదిలాం, ఎందుకు వదిలాం, ఏ ఏటికి ఏం కడుతున్నాం అని తెలుగులో చెప్పాలి. ఏళ్ళ తరబడి ఆడిన మనిషిని పంపేటప్పుడు జనం ముందు నిలబెట్టి, శాలువా కప్పి, చెప్పి పంపాలి. దీనికి వేలం సొమ్ములోంచి ఒక్క రూపాయి తగ్గదు. చెప్పిన కారణం మాకు నచ్చకపోవచ్చు. నచ్చకపోయినా వింటాం, మళ్ళీ టీవీ ముందు కూర్చుంటాం. కొన్నవారికి నడిపే అధికారం ఉంది, దాన్ని నేను కాదనను. ప్రేమించినవారికి లెక్క అడిగే అధికారం ఉంది, దాన్ని ఏ వేలంలోనూ ఎవరూ కొనలేరు. లెక్క చెప్పే యజమాని ఓడినా జట్టు జనానిదిగానే ఉంటుంది. లెక్క చెప్పని యజమాని కప్పు తెచ్చినా ఆ కప్పు అతని ఇంటి అలమరాలో వస్తువే.